మంచు తుఫానులో సగం వేళ్ల గ్లోవ్స్

చూపుడు వేలికీ బొటనవేలికీ చివర టోపీల్లాంటి మడతలున్న గ్లోవ్స్ ఇవి. మడత వెనక్కి తిప్పితే వేలి కొన బయటికొస్తుంది, అది మళ్లీ ముందుకి రాకుండా చిన్న అయస్కాంతం పట్టి ఉంచుతుంది. ఫొటోలు తీసేవాళ్ల కోసమే చేశామన్నారు కదా అని కొన్నాను. మూడు వారాలు బీరువాలోనే ఉన్నాయి. మొన్న రాత్రి మంచు తుఫాను మొదలవగానే ఇవి తొడుక్కుని వీధిలోకి వెళ్లి, గంటన్నర బయటే ఉన్నాను.

ముందు మంచి మాట. నా ట్రైపాడ్ కాళ్లు అల్యూమినియంవి. ఉత్త చేత్తో పట్టుకుంటే చలి ఎముకల్లోకి దిగుతుంది. వీటితో ఆ బాధ తప్పింది. కానీ కొన్నది ట్రైపాడ్ మోయడానికి కాదుగా!

మంచు పడే రాత్రి వేళ్లకి చాలా పని ఉంటుంది. ఆటోఫోకస్ దగ్గర్లో పడే మంచు పలుకుల వెంటపడి తికమకపడుతుంది, అందుకే దీపస్తంభం మీద చేత్తోనే ఫోకస్ పెట్టుకోవాలి. తెల్లటి మంచుని కెమెరాలో వెలుగు కొలిచే మీటరు బూడిదరంగు చేసేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) ఒకటి, ఒకటిన్నర స్టాప్ పెంచాలి; ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపన్నమాట. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పే షట్టర్ స్పీడ్ అయితే మాటిమాటికీ మార్చాల్సిందే. సెకనులో 250వ వంతు పెడితే పలుకులు గాల్లో చుక్కల్లా ఆగిపోతాయి, 30వ వంతులో గీతలవుతాయి. నాలుగైదు సెకన్లు పెడితే పడే మంచు మాయమైపోయి నేల మీది తెలుపే మిగులుతుంది. నాకైతే గీతలే ఇష్టం, గాలి ఎటు వీచిందో ఫొటోలోనే తెలిసిపోతుంది.

బొటనవేలి మడత బాగానే ఉంది. గొడవంతా చూపుడు వేలిదే. అయస్కాంతం పట్టు చాలక మడత ఊడొచ్చి, వేలాడుతూ పక్కనున్న డయల్‌ని తిప్పేసింది. ఎక్స్‌పోజర్ మైనస్ రెండుకి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. చీకట్లో స్క్రీన్ మీద ఎంత నల్లటి ఫొటో అయినా కళకళలాడుతూనే కనిపిస్తుంది. పదకొండు ఫొటోలు పోయాక హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల్ని చూపే గ్రాఫ్) మొత్తం చీకటిని సూచించే ఎడమ అంచుకి అతుక్కుపోయి ఉండటం చూసి గుండె గుభేలుమంది.

ఇంకొకటి, అమ్మేవాళ్లు చెప్పనిది: తెరిచిన మడతలో మంచు పోగవుతుంది. మూసేశాక అది లోపలే కరిగి వేలు తడిసిపోతుంది. అదృష్టం కొద్దీ, వెచ్చగా ఉండాలని లోపలి జేబులో దాచిన రెండో బ్యాటరీ తీస్తుంటే పాత పల్చటి గ్లోవ్స్ చేతికి తగిలాయి. అవి వేసుకుని పైన వీటిని తొడిగాక ప్రాణం లేచొచ్చింది. టచ్‌స్క్రీన్ మాత్రం నా వేలిని గుర్తుపట్టడం మానేసింది.

ఐదుకి మూడు ఇస్తాను. ఆ అయస్కాంతం బదులు బొత్తాం కుట్టి ఉంటే నాలుగు ఇచ్చేవాణ్ణి.

ఇంట్లోకి వచ్చేముందు కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూశాను, లేకపోతే లోపలి వెచ్చదనానికి లెన్స్ అంతా చెమ్మ పడుతుంది. గ్లోవ్స్‌ని హీటర్ పక్కన ఆరేశాను. తెల్లారి చూస్తే అన్నీ ఆరాయి, ఆ చూపుడు వేలు తప్ప.