కొలోనియా తోవార్: ఆదివారం వెళ్లి సోమవారం చూసిన ఊరు

వెనిజులా రాజధాని కరకస్‌కు పడమరగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, అరాగువా రాష్ట్రంలో ఉన్న కొలోనియా తోవార్‌కు చాలామంది ఆదివారం పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగివస్తారు. మేమూ అలాగే బయలుదేరాము. అయితే ఎల్ హుంకీతో మీదుగా సాగే ఘాట్ రోడ్డులో కార్ల బారు వెనుకే రెండు గంటలకు పైగా గడిచేసరికి, ఆ రాత్రికి అక్కడే ఉండిపోవాలని నిర్ణయించుకున్నాము.

స్వాతంత్ర్య యుద్ధాలతో చితికిపోయిన వ్యవసాయాన్ని నిలబెట్టేందుకు వెనిజులా ప్రభుత్వం ఐరోపా రైతులను ఆహ్వానించిన కాలంలో, భూగోళవేత్త అగుస్తీన్ కొడాట్సి ఎంపిక చేసిన ఈ కొండ లోయలో, జర్మనీలోని బాడెన్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు 1843 ఏప్రిల్ 8న స్థిరపడ్డాయి. భూమి ఇచ్చిన తోవార్ వంశం పేరే ఊరికీ, తర్వాత మునిసిపాలిటీకీ నిలిచింది. 1960ల్లో మంచి రోడ్డు పడేదాకా బయటి రాకపోకలు తక్కువే కనుక, వారు తెచ్చుకున్న జర్మన్ మాండలికం కొందరు పెద్దల నోట నేటికీ వినిపిస్తుంది.

ప్రధాన వీధి మాత్రం నన్ను కొంత నిరాశపరిచింది. పాత జర్మన్ ఇళ్ల తరహాలో తెల్లగోడలపై నల్లని దూలాలుగా కనిపించినవాటిలో కొన్ని, దగ్గరికి వెళ్లి తడిమితే, సిమెంటుపై రంగుతో గీసిన గీతలే. అసలైన పాతదనం సెయింట్ మార్టిన్ చర్చిలో ఉంది. రెండు మండపాలు లంబకోణంలో కలిసే మూలన బలిపీఠం ఉంటుంది. ఒక మండపంలో పురుషులు, రెండవదానిలో స్త్రీలు కూర్చునేవారట. సోమవారం ఉదయం నేను ఒక వైపు బల్లపై కూర్చుని ఉండగా, అవతలి వైపు ఎవరో ఊడుస్తున్న చీపురు చప్పుడు వినిపించిందే తప్ప మనిషి కనిపించలేదు.

బస చేసిన కలప కుటీరంలో దుప్పట్లు మందంగా, శుభ్రంగా ఉన్నాయి కానీ, వేడినీళ్లు పది నిమిషాలకే ఆగిపోయాయి. ఊరు దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్నందున, ఉష్ణమండలమే కదా అని ఉన్ని బట్టలు తేనివారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. భోజనానికి వంక పెట్టలేము: సాసేజీలు, అక్కడే పండిన స్ట్రాబెర్రీలు మీగడతో. డాలర్లు తీసుకుంటారు గానీ, అంచు కాస్త చిరిగిన నోటును కూడా వెనక్కి ఇచ్చేస్తారు. ఒక దుకాణంలో చిల్లర లేక నా చేతిలో పీచ్ జామ్ సీసా పెట్టారు.

2,429 మీటర్ల కొడాట్సి శిఖరం వైపు వెళ్లదలచినవారు జీపు బేరం ముందే తేల్చుకుని, ఉదయాన్నే బయలుదేరడం మేలు. మేము మధ్యాహ్నం వెళ్లి, పొగమంచులో మా జీపు ముందు అద్దం తప్ప ఏమీ చూడలేదు.