కోకాపేట సైట్‌లో తాత్కాలిక విద్యుత్తు: ఒక సంస్థ సేవపై 22 నెలల అనుభవం

హైదరాబాద్‌లోని కోకాపేటలో మేము కడుతున్న రెండు టవర్లకు తాత్కాలిక విద్యుత్ ప్రణాళిక వేసి, జనరేటర్లు, ప్యానెళ్లు, కేబుళ్లు అద్దెకిచ్చి, వాటిని చూసుకునే ఎలక్ట్రీషియన్లను కూడా పంపే సేవను నగరంలోని ఒక సంస్థ నుంచి 22 నెలలుగా తీసుకుంటున్నాం. సైట్ ఎలక్ట్రికల్ ఇంజినీరుగా ఆ సేవలో నాకు సంతృప్తినిచ్చినదాన్నీ, నిద్ర పట్టకుండా చేసినదాన్నీ ఇక్కడ రాస్తున్నాను.

అంతకుముందు మేము సంప్రదించిన రెండు సంస్థలు మా యంత్రాల జాబితా తీసుకుని, కిలోవాట్లన్నీ కూడి, ఒక పెద్ద జనరేటరుకు ధర చెప్పి వెళ్లిపోయాయి. ఈ సంస్థ ఇంజినీరు మాత్రం మొట్టమొదట నిర్మాణ షెడ్యూల్ అడిగారు. సెల్లార్ తవ్వకంలో నీళ్లు తోడే మోటార్లు, లైట్లు, లేబర్ క్యాంపు తప్ప పెద్ద లోడు ఉండదనీ, శ్లాబుల దశకు వచ్చాకే టవర్ క్రేన్లు, కాంక్రీటు ప్లాంటు, హాయిస్టులు, కడ్డీలు వంచే యంత్రాలు ఒకదాని తర్వాత ఒకటి చేరతాయనీ నెలవారీగా పట్టిక వేసి చూపారు. యంత్రాలన్నీ కలిపితే 1,100 కిలోవాట్లు ఉన్నా, ఒకేసారి నడిచేవి 520 దాటవని లెక్కగట్టి 630 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ సూచించారు (కేవీఏ కూడా విద్యుత్ లోడుకు కొలతే; మోటార్లున్న చోట కిలోవాట్ల కంటే కొంత ఎక్కువ వస్తుంది). ఇప్పటివరకు మీటరులో నమోదైన గరిష్ఠ డిమాండ్ 560 కేవీఏ. కాంట్రాక్టు డిమాండ్ (విద్యుత్ సంస్థతో ముందే ఒప్పుకున్న గరిష్ఠ లోడు) మీద ప్రతి నెలా కట్టే చార్జీలను తలచుకుంటే, ఆ పట్టిక విలువ ఎంతో మా అకౌంట్స్ విభాగానికి నాకంటే బాగా తెలుసు.

ట్రాన్స్‌ఫార్మర్‌ను గేటు పక్కన కాకుండా రెండు టవర్ల మధ్య పెట్టాలని వారు పట్టుబట్టినప్పుడు స్థలం పోతుందని మా ప్రాజెక్టు మేనేజరు గారు ఒప్పుకోలేదు. వారు చూపిన లెక్క సులువైనదే. కేబుల్‌లో కరెంటు పెరిగేకొద్దీ దారిలో పోయే వోల్టేజి కూడా పెరుగుతుంది. 630 కేవీఏకు 11 కేవీ (11 వేల వోల్టుల) వైపు ప్రవహించే కరెంటు 33 ఆంపియర్లు, 415 వోల్టుల వైపు దాదాపు 876 ఆంపియర్లు. గేటు నుంచి క్రేన్ వరకు ఉన్న 350 మీటర్లలో 300 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ వేసినా, 250 ఆంపియర్లకే 5 శాతానికి పైగా వోల్టేజి పడిపోతుంది; మోటారు మొదలయ్యే క్షణంలో అది ఇంకా పెరుగుతుంది. చివరికి 11 కేవీ కేబుల్‌నే లోపలికి తెచ్చుకున్నాం. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతికి కావలసిన డ్రాయింగులు కూడా వారే సిద్ధం చేశారు. తక్కువ వోల్టేజి వల్ల క్రేన్ ఆగిన రోజు ఒక్కటి కూడా లేదు.

500 కేవీఏ జనరేటరు ఒక్కటి కాకుండా, అవసరమైనప్పుడు రెంటినీ కలిపి నడిపే సింక్రనైజింగ్ ప్యానెల్‌తో 250 కేవీఏవి రెండు ఇవ్వడం కూడా సరైన నిర్ణయమే. రాత్రిపూట క్యాంపు, లైట్లు కలిపి 60 కిలోవాట్లు మించవు. అంత చిన్న లోడు మీద పెద్ద ఇంజను గంటల తరబడి నడిస్తే డీజిల్ పూర్తిగా కాలక మసి పేరుకుంటుంది. లీటరు డీజిల్‌కు మాకు వచ్చేది మూడున్నర యూనిట్లు కాబట్టి, ఇంధనానికే యూనిట్‌కు 27 రూపాయలు పడుతుంది.

ఇంత శ్రద్ధగా పనిచేసిన సంస్థ అంతస్తుల మీది చిన్న బోర్డుల విషయంలో చేసిన పొరపాటును మాత్రం నేను తేలికగా తీసుకోలేను. ఒక్కొక్క బోర్డులో ఆరు సాకెట్లకు కలిపి ఒకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు గానీ మనిషి ఒంట్లోకి గానీ లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టారు. వానాకాలంలో తడిసిన వైబ్రేటర్లు (పోసిన కాంక్రీటును కుదించే యంత్రాలు), కటింగ్ మెషీన్లు ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా లీకేజీ చూపిస్తాయి. ఏ ఒక్కటీ ప్రమాదకరమైన స్థాయిలో లేకపోయినా, అన్నీ కూడి ఆర్‌సీసీబీ పడిపోయి బోర్డు మొత్తానికి కరెంటు ఆగిపోతుంది. శ్లాబు పోస్తున్న వేళ వైబ్రేటర్ ఆగితే కాంక్రీటులో ఖాళీలు మిగులుతాయని మేస్త్రీలు కేకలు వేశారు. దాంతో సంస్థ ఎలక్ట్రీషియన్ తొమ్మిదో అంతస్తు బోర్డులో ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా తీగ కలిపేశాడు. నాలుగు రోజుల తర్వాత తనిఖీలో అది నా కంటపడింది. ఆ నాలుగు రోజులూ తడి సెంట్రింగ్ మీద, ఇనుప కడ్డీల నడుమ పదిహేను మంది పనిచేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తల్చుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఆ ఎలక్ట్రీషియన్‌ను తీసేస్తే సరిపోతుందని సంస్థ మొదట భావించింది. తప్పు అతనిది కూడా అయినా, అతన్ని ఆ స్థితికి నెట్టింది వారి డిజైనే అని నేను రాతపూర్వకంగా తెలిపాక, మూడు వారాల్లో అన్ని బోర్డులనూ సాకెట్టుకొక ఆర్‌సీసీబీ ఉండేలా మార్చి, తాళాలు వేసి, తాళంచెవులు మా సేఫ్టీ అధికారికి అప్పగించారు. అప్పటినుంచి లీకేజీ ఉన్న యంత్రం ఒక్కటే ఆగుతోంది. దాన్ని పక్కన పెట్టి మరొకటి తెచ్చుకుంటున్నారు.

గత నెలలో వారి ఒప్పందాన్ని ఫినిషింగ్ దశకు పొడిగించాం. వారానికోసారి ప్రతి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూసి రిజిస్టరులో సంతకం చేయాలనీ, ఈ రాతి నేలలో ఎర్త్ పిట్‌ల (లీకైన కరెంటును భూమిలోకి పంపే గుంతల) రెసిస్టెన్స్‌ను నేల బాగా ఎండిపోయే మే నెలలో కొలవాలనీ, బోర్డుల వైరింగ్ డ్రాయింగును అద్దె ధరతోపాటే ముందుగా మాకు చూపాలనీ అందులో మూడు షరతులు కొత్తగా చేర్చాం.