సిరామిక్ కోటింగ్: మెరుపుతో పేచీ లేదు, బోరు నీళ్ళతోనే

నల్ల సెడాన్. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో మధ్యాహ్నం దాకా నీడ, ఆ తర్వాత ఎండ పడే పార్కింగ్. కడగడానికి బోరు నీళ్ళు. కోటింగ్ వేయించాక ఇది మూడో వేసవి. ఇవన్నీ ముందే చెప్పడం ఎందుకంటే కింద రాసినదంతా వీటిని బట్టే. తెల్ల కారు, కుళాయిలో వచ్చే మంజీరా నది నీళ్ళు, మూసి ఉన్న గరాజు ఉన్నవాళ్ళకి ఇందులో సగం బాధలు తగలవు.

కోటింగ్ అంటే పెయింట్ మీద వేసే పలచటి సిలికా పూత. ఎన్నేళ్ళ ప్యాకేజీ ఎంత అన్నది అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. గట్టిదనానికి గుర్తుగా అమ్మేవాళ్ళు చెప్పే 9హెచ్ గురించి మాత్రం ఒక్క మాట. అది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలో వచ్చే అంకె. రాళ్ళ గట్టిదనాన్ని చెప్పే మోస్ స్కేలుతో దానికి సంబంధం లేదు. కోటింగ్ మందం ఒకటి రెండు మైక్రాన్లు. అది గులకరాయి దెబ్బని ఆపుతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవచ్చు.

అసలు పేచీ నీటి మరకలతో.

అమ్మేవాళ్ళందరూ చూపించే వీడియో ఒకటే: తామరాకు మీద బొట్టులా నీళ్ళు గుండ్రంగా నిలబడి జారిపోతుంటాయి. చూడ్డానికి బాగుంటుంది. కానీ తామరాకు మీద పడేది బోరు నీళ్ళు కాదు కదా. కోటింగ్ లేని పెయింట్ మీద నీళ్ళు పలచగా పరుచుకుని ఆరతాయి, అందులోని ఉప్పు కూడా పలచగానే మిగులుతుంది. కోటింగ్ మీద బొట్టు ఎత్తుగా నిలబడుతుంది. నిటారుగా ఉండే తలుపుల మీంచి జారిపోతుంది గానీ బానెట్, రూఫ్, డిక్కీ మూతల మీద కదలదు. ఆరేకొద్దీ లోపలి కాల్షియం, మెగ్నీషియం అంతా చిక్కబడి అంచు చుట్టూ తెల్ల రింగుగా తేలుతుంది. అంటే డబ్బు పోసి కొన్న గుణమే మరకని ఒకచోట పోగు చేస్తుంది. మా బోరు నీళ్ళ టీడీఎస్, అంటే కరిగి ఉన్న ఉప్పుల లెక్క, 900 పీపీఎం దాటుతుంది. లీటరు నీళ్ళు ఆవిరైతే దాదాపు ఒక గ్రాము ఉప్పు మిగులుతుందన్నమాట. ఏప్రిల్ ఎండలో నల్ల బానెట్ 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. దాని మీద బొట్టు ఆరడానికి రెండు నిమిషాలు చాలు.

ఈ కారు మీద మరకలు ఇంట్లో కడిగితే వచ్చినవి కావు. వారంటీ నిలబడాలంటే ఏడాదికోసారి కోటింగ్ వేసిన షాపులోనే మెయింటెనెన్స్ వాష్ చేయించాలని షరతు. ఆ షాపులోనూ బోరు నీళ్ళే, పైన పారదర్శక రేకుల షెడ్డు, టైము పట్టపగలు. కారంతా ఒకేసారి ప్రెషర్ వాషర్‌తో తడిపి, కింద నుంచి తుడుచుకుంటూ వచ్చారు. బానెట్ దగ్గరికి వచ్చేసరికి అది ఆరిపోయింది. పైన స్ప్రే కొట్టి తుడిస్తే నీడలో బాగానే కనిపించింది. ఎండలోకి తీశాక బానెట్, రూఫ్ నిండా చిల్లపెంకులంత రింగులు.

ముందు వెనిగర్. వంటింటి తెల్ల వెనిగర్, ఆర్‌ఓ నీళ్ళు సమంగా కలిపి, మైక్రోఫైబర్ బట్టని అందులో ముంచి, చల్లబడిన బానెట్ మీద నీడలో ఒక నిమిషం పరిచి ఉంచాలి. రుద్దకూడదు. తర్వాత నీళ్ళు, ఆ పైన మామూలు షాంపూ. కాల్షియం మరక దీనికి కరుగుతుంది. ఇక్కడా చాలా భాగం పోయింది. కానీ పక్కనుంచి టార్చ్ వేస్తే రింగులు ఇంకా ఉన్నాయి. ఇలా మిగిలినవి రెండు రకాలు. ప్లాస్టిక్ కవరు తొడిగిన వేలితో తడిమితే గరుకుగా తగిలేది ఇంకా కరగని మరక. ఏమీ తగలకుండా కంటికి మాత్రం కనిపిస్తే అది గుంట, అంటే మరక పైపొరని తినేసింది.

గరుకుగా తగిలేది వెనిగర్‌కి ఎందుకు లొంగలేదంటే, అది సిలికా. హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైట్ మీద. ఆ బండల్లోంచి వచ్చే బోరు నీళ్ళలో కాల్షియంతో పాటు కరిగిన సిలికా కూడా ఉంటుంది. దానికి వెనిగర్ అయినా, నిమ్మఉప్పు అయినా ఒకటే, ఏమీ పట్టదు. పైగా కోటింగ్ కూడా సిలికా జాతిదే కాబట్టి రెండూ అతుక్కుంటే విడిపోవడం కష్టం. సిలికాని కరిగించే ఆమ్లాలు ఫ్లోరైడ్ ఉన్నవి. అవి అద్దాన్ని కూడా తినేస్తాయి, చర్మంలోంచి దిగి ఎముక దాకా పోతాయి. కొన్ని చవక వీల్ క్లీనర్లలో ఈ సరుకే ఉంటుంది. సీసా మీద అమ్మోనియం బైఫ్లోరైడ్ అని కనిపిస్తే ఇంటికి తేవద్దు.

ఇక మిగిలింది పాలిష్. డీఏ (తిరుగుతూనే అటూ ఇటూ కదిలే) పాలిష్ మెషీన్, మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్ పెట్టి నెమ్మదిగా తిప్పితే రింగులు పోయాయి. వాటితోపాటు అక్కడి కోటింగ్ కూడా పోయింది. వారంటీ కాగితం తీసి చూస్తే నీటి మరకలు, పక్షి రెట్టలు, చెట్ల జిగురు వర్తించవని చిన్న అక్షరాల్లో ఉంది. మన ఊళ్ళలో పెయింట్‌ని పాడుచేసేవి ఈ మూడే. ఇవి తీసేశాక ఆ వారంటీ దేనికోసమో ఇప్పటికీ అర్థం కాలేదు. అసలు పనికన్నా దిద్దుబాటు పని ఎక్కువైతే పావలా కోడికి ముప్పావలా మసాలా లెక్కే.

దీనికి విరుగుడు ఎక్కడో ఖరీదైన సీసాలో దొరకలేదు. ఏసీ పైపు కింద దొరికింది. ఏసీ నుంచి కారే నీళ్ళు గాలిలోని తేమ చల్లబడి దిగినవి, అంటే ఇంచుమించు డిస్టిల్డ్ వాటరే. టీడీఎస్ మీటరు పెడితే పదుల్లోనే చూపిస్తుంది. మొత్తం బోరు నీళ్ళతోనే కడిగినా, చివరిసారి పైనుంచి పోసేది ఈ నీళ్ళయితే చాలు, ఆరినా రింగు దాదాపు కనిపించదు. ఐదారు లీటర్లు పూలమొక్కల డబ్బాతో రూఫ్, అద్దాలు, బానెట్, డిక్కీ మీద మెల్లగా పోస్తే పాత బొట్లని తోసుకుంటూ దిగిపోతాయి. సీజన్ మొదట్లో ఏసీ వేయగానే వచ్చే నీళ్ళలో కాయిల్ దుమ్ము ఉంటుంది, అవి పారబోయాలి. కాయిల్‌కి కెమికల్ కొట్టి సర్వీసు చేయించిన రోజు నీళ్ళు అసలు వాడొద్దు. మిగతావి నూలుబట్టలో వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో వాడెయ్యాలి, లేకపోతే దోమలు చేరతాయి. చిక్కల్లా ఏప్రిల్‌లో. తెలంగాణ పొడి గాలికి ఏసీ అంతగా కారదు, అవసరం మాత్రం అప్పుడే ఎక్కువ. విశాఖ, విజయవాడ ఉక్కకి బకెట్లకి బకెట్లు వస్తాయి. ఇక్కడ కరువు నెలల్లో ఆర్‌ఓ మంచినీళ్ళతో సరిపెట్టుకోవచ్చు, ఆ కాస్తకి అవి చాలు.

ఆర్‌ఓ మంచినీళ్ళన్నాను, ఆర్‌ఓ వదిలేసే నీళ్ళు కాదు. వృథా ఎందుకని ఆ పైపు కింద బకెట్ పెట్టి కారు కడగడం చాలా ఇళ్ళలో ఉంది. లోపలికి వెళ్ళిన ఉప్పు దాదాపు అంతా ఆ పైపులోంచే బయటికి వస్తుంది కాబట్టి అవి బోరు నీళ్ళకన్నా అధ్వానం. ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వాడుకోండి. అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ కాఠిన్యం తగ్గించే సాఫ్టెనర్ ఉంది కదా అనేవాళ్ళకి ఇంకో మాట. సాఫ్టెనర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని సోడియం ఇస్తుంది. మీటరులో అంకె దాదాపు అంతే ఉంటుంది, మరకా పడుతుంది. కాకపోతే తడిబట్టకే పోతుంది. సిలికా జోలికి మాత్రం సాఫ్టెనర్ పోదు.

కడిగే వరస కూడా మారింది. అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించలేనంత వేడిగా ఉంటే ఆ రేకు మీద నీళ్ళు వేయడం లేదు. ముందు రూఫ్ కడిగి, పైన ఏసీ నీళ్ళో ఆర్‌ఓ నీళ్ళో పోసి, తుడిచేసి, అప్పుడే బానెట్‌కి. కారంతా ఒకేసారి తడపడం మానేశాక కొత్త రింగులు దాదాపు ఆగాయి. తుడవడానికి 1200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు) మెలిక పోగుల టవల్, 60 బై 90 సెంటీమీటర్లది ఒకటి చాలు. పరిచి, రెండు కొసలు పట్టుకుని లాగాలి, రుద్దక్కర్లేదు. దుమ్ము మాత్రమే ఉన్న వారాల్లో పైన నీళ్ళు పోసి కడగక్కర్లేని రిన్స్‌లెస్ వాష్ ఇంకా తేలిక: నాలుగు లీటర్ల ఆర్‌ఓ నీళ్ళలో 15 మిల్లీలీటర్ల ఓఎన్‌ఆర్ (ఆప్టిమమ్ నో రిన్స్ అనే ద్రవం), మడతపెట్టిన ఏడెనిమిది మైక్రోఫైబర్ బట్టలు, ఒక్కో మడత ఒకేసారి. వానాకాలంలో బురద ఉన్నప్పుడు మాత్రం ముందు నీళ్ళతో బురద దింపకుండా దీన్ని ముట్టుకోవద్దు, ఇసుకతో గీసినట్టే అవుతుంది.

ఇక మెరుపు సంగతి. మొదటి ఏడాది అడిగినవాళ్ళందరికీ కోటింగ్ వల్లే ఇంత నిగనిగ అన్న మాటే చెప్పడం జరిగింది. ఇప్పుడు దాన్ని కొంచెం సవరించాలి. బానెట్ మీద కోటింగ్ పోయాక, కేవలం పాలిష్ చేసిన చోటికీ, పక్కన ఫెండర్ మీద కోటింగ్ ఉన్న చోటికీ లోతులో తేడా కనిపించలేదు. నల్ల కారు అద్దంలా ఉండటం కోటింగ్‌కి ముందు చేసే గరుకు పేపర్, కాంపౌండ్ (గీతలు అరగదీసే ముద్ద), పాలిష్ పనిలోంచి వచ్చేది. కోటింగ్ దాన్ని అలాగే పట్టి ఉంచుతుంది, అంతే. కాబట్టి బేరమాడేటప్పుడు సీసా పేరు కాదు, ఆ పని ఎన్ని దశల్లో చేస్తారో అడగాలి. ఇనుపరజను కరిగించే ఐరన్ రిమూవర్ కొట్టి ఊదారంగు కారేదాకా ఆగుతున్నారా, క్లే (అంటుకున్న మురికిని లాగే ముద్ద) కింద జారుడు ద్రవం సరిగ్గా వేస్తున్నారా, ఒకే చోట గిరగిర తిరిగే రోటరీ మెషీన్‌తోనే ముగించేస్తున్నారా. రోటరీతో ముగిస్తే నల్ల రంగు మీద గుండ్రటి నీడలు ఎండలో తిరుగుతూ కనిపిస్తాయి. కోటింగ్‌కి ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్ళలో కలిపి తుడవాలి. ఇది ఎగ్గొట్టి గ్లేజ్ (గీతల్ని కప్పే నూనె పూత) పూస్తే గీతలు అప్పటికి దాగి, కొన్ని వాష్‌లకే బయటపడతాయి. పైగా నూనె మీద కోటింగ్ అంటదు.

పెయింట్ మందం కొలిచే మీటరు ఉందో లేదో కూడా చూడండి. కంపెనీ పెయింట్ మొత్తం కలిపి సాధారణంగా 100 నుంచి 130 మైక్రాన్లు, అందులో పైన ఉండే క్లియర్ కోట్ 40 అటూ ఇటూ. ఎండని ఆపే పదార్థం ఎక్కువగా ఆ క్లియర్ కోట్‌లోనే ఉంటుంది. బలంగా కాంపౌండ్ కొట్టిన ప్రతిసారీ రెండు మూడు మైక్రాన్లు పోతాయి. నీటి మరకల కోసం ఏటా పాలిష్ చేయించడం ఎందుకు తగదో ఈ లెక్కలోనే ఉంది. ఎక్కడైనా అంకె 200 దాటితే అది మళ్ళీ రంగు వేసిన చోటు, సెకండ్‌హ్యాండ్ కారైతే ఇది ముందే తెలిస్తే మంచిది.

నీళ్ళు జారడం ఆగిపోయింది, కోటింగ్ చచ్చిపోయింది అనుకుని మళ్ళీ వేయించేవాళ్ళు ఉన్నారు. తొందరపడొద్దు. చాలాసార్లు అది చావలేదు, పైన దుమ్ము, ఉప్పు, బ్రేకుల ఇనుపరజను పట్టి మూసుకుపోయింది. ఐరన్ రిమూవర్, ఆ తర్వాత కొద్దిగా ఆమ్లం ఉన్న షాంపూతో ఒకసారి కడిగితే ఈ కారు తలుపుల మీద బొట్లు మళ్ళీ నిలబడ్డాయి. అలా కడిగినా బొట్టు కట్టకపోతే అప్పుడు పోయినట్టు.

పక్షి రెట్ట విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోకండి. పావురం రెట్ట వేడి బానెట్ మీద కొన్ని గంటల్లోనే లోపలికి దిగుతుంది, కోటింగ్ ఇచ్చేది కాస్త గడువు మాత్రమే. కానుగ చెట్టు కింద పడే జిగురు మాత్రం నిజంగానే తేలిగ్గా వదులుతోంది. హైవే మీద ముందు బంపర్‌కి అంటుకునే పురుగులూ అంతే, నానబెట్టిన బట్ట ఐదు నిమిషాలు వేస్తే గోకే పని లేదు. తరచూ విజయవాడ రోడ్డు మీద తిరిగేవాళ్ళకి ఈ ఒక్క సుఖానికైనా కోటింగ్ గిట్టుబాటే కావచ్చు. రోజూ పొద్దున్నే వాచ్‌మన్ ఒకే బకెట్, ఒకే బట్టతో పదిహేను కార్లు తుడిచే చోట మాత్రం ఏ పూతా నిలవదు. ఆ నెల డబ్బులు ఇస్తూనే, ఈ కారు బాడీ ముట్టుకోవద్దు బాబూ, అద్దాలు చాలు అని చెప్పాల్సి వచ్చింది.

మళ్ళీ వేయిస్తారా అంటే, నీళ్ళని బట్టి. టీడీఎస్ మీటరు నాలుగైదు వందల రూపాయలకి దొరుకుతుంది. కుళాయి కింద 200 లోపు చూపిస్తే, నీడ కూడా ఉంటే, నిక్షేపంగా వేయించుకోవచ్చు. 500 దాటితే, చివరి నీళ్ళకి వేరే ఏర్పాటు లేకపోతే, ఆ డబ్బు మంచి పాలిష్‌కి పెట్టి, మూడు నాలుగు నెలలకోసారి స్ప్రే సీలెంట్ (కొట్టి తుడిచే తేలికపాటి పూత) కొట్టుకోవడం నయం అనిపిస్తోంది. లేత రంగు కారైతే ఈ మాట కూడా అంత గట్టిగా చెప్పలేను.

ఈ కారు మీద ఇప్పుడు రెండూ ఉన్నాయి. బానెట్‌కి విడిగా డబ్బు కట్టి కోటింగ్ మళ్ళీ వేయించాం, రూఫ్‌కి వేయించలేదు, సీలెంటే. రూఫ్ మీద నీళ్ళు అంత అందంగా గుండ్రపడవు. మరక పడితే మాత్రం బానెట్ కన్నా త్వరగా వదులుతోంది. నాలుగు అడుగుల దూరం నుంచి చూస్తే రెంటి మెరుపులో ఏది ఏదో చెప్పడం కష్టం. వానాకాలం తర్వాత ఎలా ఉంటుందో చూడాలి.