అమ్మ వెళ్ళిన దారిలో: ఫిరంగిపురం, గుణదల, వేళాంగణి

యాత్రకి ఎక్కడికి వెళ్ళినా మా అమ్మ ముందు చూసుకునేవి మూడు: ముసలివాళ్ళు కూర్చోవడానికి నీడ ఉందా, తాగే నీళ్ళు ఎక్కడ, బాత్‌రూమ్ ఎంత దూరం. వెంట వచ్చినవాళ్ళని కుదురుగా కూర్చోబెట్టాకే జపమాల చేతిలోకి తీసుకునేది. అమ్మ పోయి ఏడాది నిండింది. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, సంవత్సరీకం పూజ పెట్టించాక, ఆవిడ ఎక్కువగా వెళ్ళిన మూడు చోట్లకి వెళ్ళొద్దామని నాన్న, అక్క, నేను అనుకున్నాం. అమ్మతో ఏటా గుణదలకి వచ్చే పెద్దమ్మని కూడా తీసుకెళ్ళాం. ఆవిడకి డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని మేము చూసినవి రాస్తున్నాను.

ముందు అమ్మ గురించి కొంచెం చెప్పాలి. తెనాలి దగ్గర పల్లెలో పుట్టింది. నాన్న రైస్ మిల్లులో గుమస్తా. ఆ జీతం ముగ్గురు పిల్లల చదువులకి చాలక అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. రోజూ ఎసరు పెట్టేటప్పుడు ఒక గుప్పెడు బియ్యం తీసి విడిగా డబ్బాలో పోసేది. నెలాఖరుకి ఆ డబ్బా గుడికి (చర్చిని మేము గుడి అనే అంటాం) వెళ్ళేది, అక్కడి నుంచి ఎవరూ లేని ముసలివాళ్ళ ఇళ్ళకి. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజుల్లో కూడా ఆ డబ్బా జోలికి పోనిచ్చేది కాదు. కథోలికుల సేవా సంఘం మరియ దళంలో సభ్యురాలు. 1921లో డబ్లిన్‌లో మొదలైన ఆ సంఘం పద్ధతి ప్రకారం సభ్యులు ఇద్దరిద్దరుగా వెళ్ళి ఇళ్ళల్లో, ఆసుపత్రుల్లో మంచాన పడ్డవాళ్ళని పలకరించి రావాలి. అమ్మకి పలకరింపుతో తృప్తి ఉండేది కాదు. తల దువ్వేది, గోళ్ళు తీసేది, పక్క దుప్పటి మార్చేది. నా అన్నవాళ్ళు లేకుండా పోయినవాళ్ళకి స్నానం చేయించి చీర కట్టిన రోజులూ ఉన్నాయి. ఇంటికొచ్చి తలంటుకుని, మామూలుగా మాకు అన్నం పెట్టేది.

ఫిరంగిపురంతో మొదలుపెట్టాం. గుంటూరు నుంచి నరసరావుపేట రోడ్డు మీద ఉంటుంది, బస్సులకి కొదవ లేదు. తెలుగు కథోలికుల పాత ఊళ్ళలో ఇదొకటి, బాలయేసు దేవాలయానికి పేరు. పెద్ద గుడి, ఎత్తయిన కప్పు, మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంది. మామూలు రోజు కాబట్టి మేము తప్ప నలుగురైదుగురే ఉన్నారు. అమ్మ పెళ్ళయిన కొత్తలో పిల్లల కోసం ఇక్కడ నవదిన ప్రార్థనలు చేసిందట. ఆ తర్వాత పుట్టింది అక్క. పెద్దవాళ్ళకి ఇబ్బంది లేని చోటు, గుడి దాకా బండి వస్తుంది. భోజనం మాత్రం గుంటూరులో చూసుకోవడం మేలు. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేయవచ్చు.

గుణదల సంగతి వేరు. అది మా ఇంటి యాత్ర. బెజవాడ స్టేషన్ నుంచి ఏలూరు రోడ్డు మీదుగా సిటీ బస్సులో గానీ ఆటోలో గానీ వెళ్ళిపోవచ్చు. 1924లో ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి ఫాదర్ ఈ కొండ మీద లూర్దుమాత స్వరూపాన్ని, అంటే విగ్రహాన్ని, పెట్టించారు. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్స్‌లోని లూర్దులో ఉండే అమ్మాయి బెర్నదెత్‌కి మరియమాత కనిపించిన రోజును పట్టి, ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళు. ఆ మూడు రోజులూ లక్షల్లో జనం. హిందువులు కూడా వచ్చి కొబ్బరికాయ కొట్టి, తలనీలాలిచ్చి వెళ్తారు. ఫిబ్రవరి 11నే ప్రపంచ రోగుల దినంగా 1993 నుంచి కథోలిక సంఘం జరుపుతోంది. మా విచారణ ఫాదర్ ఒకసారి ప్రసంగంలో ఈ మాట చెప్పినప్పటి నుంచి అమ్మ ఆ రోజు రోగుల కోసం ఒక జపమాల ఎక్కువ చెప్పేది. తన దగ్గరున్న నోటు పుస్తకంలో నుంచి ఒక్కో పేరూ చదివి, మరియమాతకి ఒక్కో మంగళవార్త జపం.

తిరునాళ్ళకి అమ్మ ముసలివాళ్ళని తీసుకెళ్ళే తీరు చూడాలి. ఒక మడత స్టూలు, స్టీలు క్యారియర్‌లో పులిహోర, రెండు తువాళ్ళు, నొప్పుల మందు. మెట్ల పక్కన స్టూలు వేసి ఒకరిని కూర్చోబెట్టి, ఆయాసం తీరేదాకా ఆగి, మళ్ళీ పది మెట్లు. పైన సిలువ దాకా ఎక్కగలిగినవాళ్ళని ఎక్కనిచ్చి, తను మాత్రం మాత గుహ దగ్గర ఎక్కలేనివాళ్ళతో ఉండిపోయేది. తనకి కొండెక్కే ఓపిక ఉన్న వయసులో కూడా అంతే. ఈసారి మేమూ అలాగే వెళ్ళాం. అక్క స్టూలు పట్టుకుంది, నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను. నాన్న, యేసు సిలువ మోసిన ఘట్టాలు చూపే సిలువ మార్గం స్థలాల దగ్గర ఒక్కోచోట ఆగి జపం చెబుతూ నెమ్మదిగా వచ్చారు.

మామూలు రోజుల్లో గుణదల ఎంత హాయిగా ఉంటుందో తిరునాళ్ళకి మాత్రమే వచ్చేవాళ్ళకి తెలియదు. పొద్దున్నే వెళితే మెట్లు వేడెక్కవు, గుహ ముందు ఎంతసేపు కూర్చున్నా వెనక నుంచి తోసేవాళ్ళు ఉండరు. ఎండాకాలంలో మాత్రం పెద్దవాళ్ళతో వద్దు, బెజవాడ ఎండ సంగతి చెప్పేదేముంది. బసకి కొండ దగ్గర వెతకడం కన్నా స్టేషన్, బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలే నయం. తిరునాళ్ళ రోజుల్లో అవి కూడా నిండిపోతాయి, ముందే మాట్లాడుకోవాలి.

వేళాంగణి దూరాభారం. బెజవాడ నుంచి చెన్నై, అక్కడ ఎగ్మోర్‌లో రాత్రి కారైక్కాల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి నాగపట్నంలో దిగాం. అక్కడి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. చెన్నై సెంట్రల్ నుంచి ఎగ్మోర్‌కి సామానుతో, పెద్దమ్మతో మారడమే ఈ ప్రయాణంలో అసలు టెన్షన్. రెండు రైళ్ళ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండేలా చూసుకోండి. కింది బెర్తులు దొరక్కపోతే ప్రయాణం వాయిదా వేసుకున్నా తప్పులేదు.

బస దగ్గర మాకు దెబ్బ తగిలింది. ఫోన్‌లో కింది అంతస్తు గది అని చెప్పి అడ్వాన్స్ తీసుకున్న ఒక ప్రైవేటు లాడ్జి వాళ్ళు, తీరా వెళ్ళాక రెండో అంతస్తు ఇచ్చారు. లిఫ్టు లేదు. అడిగితే అడ్వాన్స్ తిరిగి రాదన్నారు. పెద్దమ్మ "ఎక్కుతాలే అమ్మాయ్, గొడవొద్దు" అంది గానీ, ఆ మెట్ల మీద ఆవిడ ముఖం చూస్తే నాకు కోపం ఆగలేదు. మర్నాడు మాత మందిరం వాళ్ళ వసతి గదుల్లో ఒకటి దొరికింది. సాదాగా ఉంది, శుభ్రంగా ఉంది, గుడికి దగ్గర. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందు ఈ గదుల కోసమే ప్రయత్నించండి. హోటళ్ళలో ఇడ్లీ, పొంగల్ బాగున్నాయి. దుకాణాల్లో తెలుగు అర్థం చేసుకునేవాళ్ళు దొరుకుతారు. కొవ్వొత్తులు, పూలదండలు కొనమని వెంటపడేవాళ్ళు ఎక్కువ, ఒకసారి వద్దని ముందుకి నడవడమే.

ఇక్కడ మాతని ఆరోగ్యమాత అంటారు. చీర కట్టిన స్వరూపం. 1962లో బసిలికా హోదా వచ్చింది. గుడి నుంచి మాతాకుళం (మాత కోనేరు) దాకా ఇసక దారి ఉంది. మొక్కుకున్నవాళ్ళు మోకాళ్ళ మీద నడుస్తారు. నాన్న కూడా నడుస్తానన్నారు. "అమ్మ ఉంటే నడవనిచ్చేదా నాన్నా?" అంది అక్క. ఇంకేం మాట్లాడకుండా చెప్పులు చేతబట్టుకుని ఆ దారి పక్కనే నడిచారు. ఇసక పొద్దెక్కితే కాలుతుంది, ఏడు లోపే వెళ్ళాలి.

కానుకల మ్యూజియం తప్పకుండా చూడండి. వెండితో చేసిన కాళ్ళు, చేతులు, కళ్ళు అద్దాల వెనక వరసగా ఉన్నాయి. చాలా ఏళ్ళ కిందట నాన్నకి మిల్లులో బస్తా జారి కాలు విరిగింది. నయమయ్యాక అమ్మ జాకెట్లు కుట్టిన డబ్బుతో వెండి పాదం చేయించి ఇక్కడ సమర్పించింది. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఒక్కో అద్దం దగ్గరా వంగి చూశారు. అన్ని పాదాల్లో అది ఏదో తెలిసే దారి లేదు, అసలు బయట పెట్టారో లేదో కూడా. అయినా చివరి అద్దం దాకా చూశారు. మేము తొందరపెట్టలేదు.

సముద్రం గుడికి దగ్గరే. పిల్లల్ని, పెద్దల్ని నీళ్ళల్లోకి దింపొద్దు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు క్రిస్మస్‌కి వచ్చిన యాత్రికులు ఈ ఒడ్డున ఎంతోమంది పోయారు. మన కోస్తాలోనూ ప్రాణాలు పోయాయి. ఆ వారం అమ్మ మా క్రిస్మస్ బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, బియ్యం డబ్బాతో సహా గుడికి పంపేసింది. నేను ఏడ్చాను. కొత్త గౌను అది. ఒడ్డున నిలబడి అక్కతో ఆ మాటే చెప్పుకున్నాను.

ఆగస్టు 29న జెండా ఎక్కించినప్పటి నుంచి సెప్టెంబరు 8 దాకా వేళాంగణి పండుగ. ఆ రోజుల్లో తెలుగులో కూడా దివ్యబలిపూజ ఉంటుంది, అది మంచిదే. కానీ ఆ జనంలో నడవలేనివాళ్ళని తీసుకెళ్ళడం వాళ్ళకి కష్టం, మనకి భయం. జనవరి బాగుంది. ఒక్కసారే వెళ్ళగలిగే ఓపిక ఉన్న పెద్దవాళ్ళయితే వేళాంగణికి తీసుకెళ్ళండి, ఆ సంతోషం వాళ్ళ ముఖంలో ఏడాదంతా ఉంటుంది. తరచూ వెళ్ళాలనుకుంటే గుణదల చాలు.

వచ్చే ఫిబ్రవరికి పెద్దమ్మతో పాటు ఇంకో నలుగురు వస్తామన్నారు. అమ్మ నోటు పుస్తకంలోనే అక్క వాళ్ళ పేర్లు రాసుకుంది. ఇద్దరు అసలు మెట్లెక్కలేరు కాబట్టి తిరునాళ్ళ రోజు కాకుండా అంతకు వారం ముందే, పొద్దున ఆరింటికల్లా కొండ దగ్గర ఉండేలా బండి మాట్లాడుతున్నాం.