రాగి మా ఇంట్లో పది వారాలు: ఒక షెల్టర్ ఫోస్టర్ సేవ గురించి

ఈ జూన్‌లో సిటీ శివారులోని ఒక షెల్టర్ నుంచి ఒక ఆడకుక్కని ఫోస్టర్‌కి తెచ్చుకున్నాం. ఇది దత్తత కాదు. దత్తతకి తగిన ఇల్లు దొరికేదాకా మనింట్లో పెట్టుకుని, ఇంటి పద్ధతి అలవాటు చేసి పంపడం. మాది సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో కింద పోర్షన్. నేను, మావారు, అత్తయ్య ఉంటాం. తోమిన రాగి చెంబు రంగులో ఉందని అత్తయ్యే దానికి రాగి అని పేరు పెట్టింది. ఈ సేవకి నేను అయిదుకి నాలుగిస్తాను.

ముందు ఇల్లు చూడ్డానికి ఒక వాలంటీరమ్మాయి వచ్చింది. గేటు సందులోంచి కుక్క దూరుతుందేమో చూసింది, మేడమెట్ల తలుపుకి గడియ ఉందా అని చూసింది. తర్వాత అత్తయ్య పక్కన కూచుని, "అమ్మమ్మా, మీకు ఇష్టమేనా? మొహమాటపడకండి" అని విడిగా అడిగింది. ఇంట్లో ఒక్కరు వద్దన్నా కుక్కని ఇవ్వరట. హార్నెస్, తాడు, స్టీలు గిన్నెలు, పదిహేను రోజుల తిండి వాళ్లవే. వైద్యం ఖర్చూ వాళ్లదే. రేబీస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అప్పటికే అయ్యాయి. చెవి కొసన ఆ గుర్తుగా గాటు ఉంది.

ఫైల్లో "మనుషులంటే ఇష్టం" అని రాసుంది. ఇంటికొచ్చిన రాగి మాత్రం నేరుగా దివాన్ కింద దూరింది. పగలు నీళ్లు కూడా ముట్టలేదు. మేం పడుకున్నాక తినేది. "మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు, గుర్తుపెట్టుకోండి ఆంటీ" అంది ఆ అమ్మాయి. మొదటి మూడు రోజులు బెదురు, మూడు వారాలకి ఇంటి వేళలు తెలుస్తాయి, మూడు నెలలకి ఇది నా ఇల్లు అనుకుంటుంది అని. పిలవద్దు, వంగి చూడద్దు, మీ పని మీరు చేసుకోండి అంది. నేను అదే చేశాను. మూడోరోజు సాయంత్రం దివాన్‌కి వీపు పెట్టి కింద కూచుని గోరుచిక్కుళ్లు తుంచుతున్నాను. మోచేతికి చల్లగా తగిలింది. ముక్కు! వెనక్కి తిరగలేదు. ఒక గోరుచిక్కుడు సగం తుంచి నేలమీద పెట్టాను. కరకరమని నమిలింది. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

స్టీలు గిన్నె సంగతి మాకు తర్వాత తెలిసింది. మెడలో బిళ్ల గిన్నెకి తగిలి ఠంగుమంటే చాలు, తిండి వదిలేసి పారిపోయేది. అత్తయ్య అటక మీది మట్టి మూకుడు దింపింది. అంతే, పగలే తినడం మొదలుపెట్టింది.

ఇక తగ్గించిన ఆ ఒక్క మార్కు గురించి. రాగికి పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి మందు నడుస్తోంది. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాలి. మాకు ఇచ్చిన కవర్లో పది రోజుల మాత్రలే ఉన్నాయి, చీటీ లేదు. అయిపోయాయి కదా, తగ్గిపోయిందనుకున్నాం. మూడోవారం మళ్లీ ఒళ్లు కాలిపోయింది, గోరుచిక్కుడు కూడా ముట్టలేదు. ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా షెల్టర్‌కి ఫోన్ చేస్తే ఒక్కరూ ఎత్తలేదు. మా దగ్గర్లోని పశువుల డాక్టరుగారే చూశారు. ఆ మాత్రలు పెరుగన్నంలో కలిపి పెట్టామంటే, పాలూ పెరుగుతో ఈ మందు సరిగ్గా ఒంటబట్టదు, తిండి తిన్నాక గుడ్డు ముక్కలో పెట్టండి అన్నారు. సోమవారం షెల్టర్ వాళ్లు వచ్చి తప్పు ఒప్పుకున్నారు, మిగతా మాత్రలిచ్చారు, డాక్టరు ఫీజూ కట్టారు. అయినా జబ్బు కుక్కని మనచేతిలో పెట్టినప్పుడు ఆదివారం ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి. ఈ మాట వాళ్లకీ చెప్పాను.

జులైలో లష్కర్ బోనాలు. ఒకటే డప్పులు, తీన్మార్. ముందురోజే వాళ్లు మెసేజ్ పెట్టారు: పొద్దున్నే తిప్పుకురండి, తర్వాత బయటికి తీయద్దు, కిటికీలు మూసి టీవీ పెట్టండి, దివాన్ కింద దూరితే దూరనివ్వండి. అలాగే చేశాం. అత్తయ్య భక్తి ఛానెల్ పెట్టి దివాన్ మీదే కూచుంది. రాత్రి తొమ్మిదికి అదే బయటికొచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పడుకుంది.

ప్రతి ఆదివారం నాచేత రాయించుకునేవారు: దేనికి బెదిరింది, ఏం తింది, పక్కింటి పిల్లల దగ్గర ఎలా ఉంది. నేను రాసినవి ఊరికే పోలేదు. కట్టే ఇంటి దగ్గర కాపలాకి కట్టేసుకుంటామని ఒకరు వస్తే, నా రాతలు చూపించే కాదన్నారట. చివరికి ఉప్పల్ నుంచి ఒక జంట మూడుసార్లు వచ్చారు. మొదటిసారి రాగి వాళ్ల దగ్గరికే పోలేదు. వాళ్లు పిలవలేదు, అరుగు మీద కూచుని మాతో మాట్లాడి వెళ్లిపోయారు. మూడోసారి వస్తూ కొత్త మట్టి మూకుడు తెచ్చుకున్నారు. నా కాగితం చదివారన్నమాట. ఆగస్టు చివర్లో పంపించాం.

మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది, ఇంకో కుక్క ఉంది, వచ్చేవారం తెస్తామంది. వినాయక చవితి డప్పుల నుంచి టపాకాయల దాకా వరసగా చప్పుళ్లే, కొత్త ఇంట్లో కొత్త కుక్క తట్టుకోలేదు, దీపావళి వెళ్లాక తీసుకురా అన్నాను. "అదీ నిజమే ఆంటీ" అని రాసుకుంది.