జొహోర్ బహ్రు ఒక్కరోజులో: వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు రైలు

సింగపూర్‌లో పని మీద దిగిన హైదరాబాద్ వాళ్ళకి, మధ్యలో ఒకరోజు సరిహద్దు అవతలి మలేసియా నగరం జొహోర్ బహ్రు కూడా చూసి రమ్మని ఆఫీసు నుంచి కబురొస్తుంది. అక్కడ అందరూ జేబీ అనే అంటారు. డేటా సెంటర్లు ఎక్కువగా అటువైపే లేస్తున్నాయి. 2025 జనవరి 7న జొహోర్-సింగపూర్ ప్రత్యేక ఆర్థిక మండలం ఒప్పందం కుదిరాక ఈ రాకపోకలు ఇంకా పెరిగేవే గానీ తగ్గేవి కావు. రెండిటి మధ్యలో ఉన్నది సముద్రం మీద కట్టిన కిలోమీటరు పైచిలుకు రహదారి, కాజ్‌వే, అంతే. రద్దీ లేకపోతే గంటలోపే అవతల ఉంటారు. రద్దీలో ఇరుక్కుంటే మూడు గంటలైనా ఆశ్చర్యం లేదు.

ముందు వీసా సంగతి తేల్చుకోవాలి. సింగపూర్ ఈ-వీసా ప్రింటులో ప్రయాణాల సంఖ్య దగ్గర మల్టిపుల్ అని ఉందో లేదో చూడండి. సింగిల్ అని ఉంటే పొద్దున సరిహద్దు దాటగానే ఆ వీసా అయిపోయినట్టే. మీ సూట్‌కేసు సింగపూర్ హోటల్లోనే ఉంటుంది, మీరు మాత్రం కొత్త వీసా లేనిదే లోపలికి రాలేరు. హైదరాబాద్‌లో ఏజెంటుకు కాగితాలిచ్చే రోజే జేబీ వెళ్ళే ఆలోచన ఉందని చెప్పడం మంచిది.

మలేసియాకు భారతీయులకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఈ వెసులుబాటు 2023 డిసెంబరు 1న మొదలైంది, 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు. మీటింగులకు ఇది చాలు. సైటులో నిలబడి సర్వర్లు బిగించే పనైతే దీని కిందికి రాదు, దానికి కావాల్సిన పని అనుమతి పాస్ అక్కడి కంపెనీ ముందుగా తీసి ఉంచాలి. వీసా అక్కర్లేకపోయినా ఎండీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. చేరే రోజుకు ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. తిరిగొచ్చేటప్పుడు సింగపూర్ అరైవల్ కార్డు మళ్ళీ నింపాలి. చాంగీ విమానాశ్రయంలో దిగేముందు నింపింది దీనికి పనికిరాదు. చాలామంది మరిచిపోయేది ఇదే, లైన్లో నిలబడి ఫోన్లో కుస్తీ పట్టేదీ ఇక్కడే. రెండు కార్డులూ ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని అర్థం.

ఇక బస్సు. సింగపూర్‌లోని క్రాంజీ ఎంఆర్‌టీ (మెట్రో) స్టేషన్ దగ్గర ఎక్కడం అన్నిటికంటే తేలిక. కాజ్‌వే లింక్ వాళ్ళ పసుపు బస్సు సీడబ్ల్యూ1, ఎస్‌బీఎస్ ట్రాన్సిట్ 170 రెండూ అక్కడ ఆగుతాయి. 170లో మన బ్యాంకు కాంటాక్ట్‌లెస్ కార్డు ట్యాప్ చేస్తే సరిపోతుంది. సింగపూర్ వైపు సరిహద్దు అయిన ఉడ్‌ల్యాండ్స్ చెక్‌పాయింట్‌లో బస్సు ఆగగానే సామానంతా తీసుకుని దిగాలి. ల్యాప్‌టాప్ బ్యాగు సీటు మీద ఉంచి దిగితే అంతే సంగతులు, బస్సు మీ కోసం ఆగదు. పైకెళ్ళి ఇమిగ్రేషన్ ముగించుకుని కిందికి దిగితే ఒక్కో సర్వీసుకు ఒక్కో వరుస కనిపిస్తుంది. ఏ కంపెనీ బస్సులో వచ్చారో ఆ కంపెనీ వరుసలోనే నిలబడాలి. సీడబ్ల్యూ టికెట్‌తో 170 ఎక్కనివ్వరు. చేతికి టికెట్ ఇస్తే దాన్ని చివరిదాకా పారేయకండి.

కాజ్‌వే దాటాక బంగునన్ సుల్తాన్ ఇస్కందర్ భవనంలో మళ్ళీ దిగాలి. అక్కడ మలేసియా ఇమిగ్రేషన్, వేలిముద్రలు, సామాను స్కానింగు ఉంటాయి. ఊళ్ళోనే మీటింగైతే మళ్ళీ బస్సెక్కే పని లేదు. జేబీ సెంట్రల్ రైల్వే స్టేషన్ వైపు బోర్డులు చూసుకుంటూ నడిస్తే స్టేషన్ మీదుగా వంతెన సిటీ స్క్వేర్ మాల్‌లోకి చేరుస్తుంది. గ్రాబ్ యాప్‌లో ట్యాక్సీ అక్కడి నుంచి పిలుచుకోవచ్చు. సింగపూర్‌లో వాడిన యాప్ ఇక్కడా పనిచేస్తుంది.

రైలు పేరు షటిల్ తెబ్రావ్. ఉడ్‌ల్యాండ్స్ నుంచి జేబీ సెంట్రల్‌కు ఐదే నిమిషాలు, ట్రాఫిక్‌తో సంబంధం లేదు. సింగపూర్ వైపు నుంచి ఎక్కితే 5 సింగపూర్ డాలర్లు, జేబీ నుంచి ఎక్కితే 5 రింగిట్లు. అంటే వెళ్ళేటప్పుడు మన డబ్బుల్లో మూడు వందల పైచిలుకు, వచ్చేటప్పుడు వంద అటూ ఇటూ. రైల్లో వెళ్ళేటప్పుడు రెండు దేశాల ఇమిగ్రేషన్ ఉడ్‌ల్యాండ్స్‌లోనే అయిపోతుంది, ఇది చాలా సుఖం. కానీ టికెట్లు ముందే అయిపోతాయి. మలేసియా రైల్వే కేటీఎంబీ యాప్‌లో పాస్‌పోర్టు వివరాలతో కొనాలి, అప్పటికప్పుడు కౌంటర్లో దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. బయల్దేరే సమయం కంటే ముందే గేటు మూసేస్తారు కాబట్టి అరగంట ముందు అక్కడ ఉండాలి. ఏ రైలు దొరుకుతుందో తెలియక ఒకే సాయంత్రానికి రెండు మూడు టికెట్లు కొని వదిలేసేవాళ్ళున్నారు. రోజూ ఈ దారిలో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళ సీట్లవి. మీటింగు ముగిశాక కనీసం రెండు గంటల ఎడంతో ఒకే టికెట్ కొనుక్కోవడం పద్ధతి.

పొద్దున బస్సు చాలు అనడానికి కారణం ఉంది. పని దినాల్లో తెల్లవారుజామున జనం జేబీ నుంచి సింగపూర్‌కు పోటెత్తుతారు, సాయంత్రం వెనక్కి వెళ్తారు. మీరు రెండు పూటలా వాళ్ళకు ఎదురు వెళ్తారు కాబట్టి మంగళ, బుధ, గురువారాల్లో బస్సు బాగానే నడుస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు కోసం జొహోర్‌లో ఆఫీసులు చాలాసేపు ఖాళీగా ఉంటాయి, ఆ రోజు మీటింగు పొద్దునే పెట్టుకోవాలి. 2025 జనవరి నుంచి జొహోర్‌లో కూడా శని, ఆదివారాలే సెలవు. అంతకుముందు శుక్ర, శనివారాలు ఉండేవి, పాత బ్లాగులు చూసి మోసపోవద్దు. ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం మాత్రం రైలు టికెట్ చేతిలో లేకుండా పెట్టుకోకండి.

మీటింగు ఇస్కందర్ పుతెరిలోనో తంజుంగ్ పెలెపాస్ రేవు దగ్గరో అయితే ఉడ్‌ల్యాండ్స్ వైపు వెళ్ళనే వద్దు. అవి పడమటి కొసన ఉన్నాయి. 1998లో తెరిచిన తువాస్ సెకండ్ లింక్ మీదుగా వెళ్ళాలి. జురాంగ్ ఈస్ట్ నుంచి సీడబ్ల్యూ3 ఆ దారినే బుకిట్ ఇందాకు వెళ్తుంది.

ఉడ్‌ల్యాండ్స్ నార్త్ నుంచి జేబీలోని బుకిట్ చాగర్ దాకా 4 కిలోమీటర్ల ఆర్‌టీఎస్ లింకు అనే కొత్త రైలు మార్గాన్ని 2026 డిసెంబరు నాటికి తెరవాలన్నది లక్ష్యం. అది గంటకు ఒక్కో వైపు 10 వేల మందిని మోయగలదు, ఆ తర్వాత షటిల్ తెబ్రావ్ ఆపేస్తారు. ఆ రోజు వచ్చాక ఇక్కడ చెప్పినదాంట్లో సగం మారిపోతుంది.

ఫోన్ విషయంలో ఒక జాగ్రత్త: సరిహద్దు దగ్గర సిగ్నల్ అటూ ఇటూ దూకుతుంది. రోమింగ్ ప్యాక్ సింగపూర్‌కే తీసుకుని ఉంటే ఉడ్‌ల్యాండ్స్‌లోనే మలేసియా నెట్‌వర్క్ పట్టి బిల్లు వేస్తుంది. రెండు దేశాలకూ వర్తించే ప్యాక్ తీసుకోండి, లేదా నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోండి.

తిరిగొచ్చేటప్పుడు మలేసియా నుంచి తెచ్చే మద్యానికి సింగపూర్‌లో డ్యూటీ మినహాయింపు లేదు, సిగరెట్లకు ఎక్కడి నుంచి తెచ్చినా లేదు. 48 గంటలలోపు బయటుండి వస్తే 100 సింగపూర్ డాలర్ల విలువైన సామాను వరకే జీఎస్టీ మాఫీ. వేప్ పెన్ను (ఈ-సిగరెట్) బ్యాగులో ఉంటే సరిహద్దు దాకా తేవద్దు, సింగపూర్‌లో అది నేరం.