రౌటర్ వెనక అల్యూమినియం రేకు: రెండేళ్లు వాడాక నా మాట

ఒంగోలులో మాది పాత ఇల్లు, మూరెడు మందం రాతి గోడలు. రౌటర్ ముందు గదిలో ఉంటుంది, నేను పని చేసుకునేది వెనక గదిలో. మధ్యలో గోడ చాలదన్నట్టు దానికి ఆనించి ఇనుప బీరువా. దాన్ని జరిపే ప్రసక్తే లేదని అమ్మ తేల్చేసింది. ఇక వైఫై సిగ్నలే దారి మార్చుకోవాలి.

రేకు పెడితే కొత్తగా సిగ్నల్ పుట్టదు. వీధిలోకి వృథాగా పోయేది వెనక్కి తిరిగి ఇంట్లోకి వస్తుంది, అంతే. అట్టకు వంటింటి ఫాయిల్ అంటించి, సగం గుండ్రంగా వంచి రౌటర్ వెనక నిలబెట్టాను. ఫాయిల్ ముడతలు పడిందని బెంగ అక్కర్లేదు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, చిన్న ముడతలు దానికి లెక్కే కాదు. అసలు పనంతా వంపుదే. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ వాళ్లు 2017లో ఇంటి లెక్కను బట్టి వంపు గీయించి, త్రీడీ ప్రింటర్‌తో తీసి, లోహం తొడిగి చూపించింది కూడా ఇదే.

రెండో రేకు నడవ మలుపులో గోడకు కొట్టాను. క్యారమ్స్‌లో స్ట్రైకర్‌ను అంచుకు కొట్టి కాయిన్ వేసినట్టు, సిగ్నల్ దానికి తగిలి బీరువా పక్కనుంచి గది గుమ్మంలోకి పోవాలి. దీంతోనే తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరు ఫోన్‌లో అంకెలు చూస్తుంటే ఇంకొకరు రేకును కాస్త కాస్తగా తిప్పాలి. మైనస్ 80 దగ్గర కొట్టుకునే డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది) ఇప్పుడు మైనస్ 72 దాకా వస్తోంది. వీడియో కాల్ మధ్యలో తెగడం లేదు, ఆ టెన్షన్ తప్పింది.

నష్టం పడింది నాన్నకి. రౌటర్ వెనక వైపే వరండా. "నీ రేకు పుణ్యమా అని నా వార్తలు గిర్రున తిరగతా ఉండాయిరా" అని రోజూ సణుగుడే. చివరికి వంపు కొంచెం విప్పి రాజీ పడ్డాం.

ఫాయిల్ ఎక్కువ రోజులు నిలవదు, దుమ్ము దులిపేటప్పుడు చిరుగుతుంది. ఇనుప సామాన్ల కొట్లో పల్చటి అల్యూమినియం రేకు కోయించుకోండి, అంచులకు టేపు వేయండి, లేదంటే చేతులు కోసుకుంటాయి. రౌటర్‌కు మాత్రం చుట్టొద్దు. అసలే మన ఎండలకు అది కాగిపోతుంటుంది.

మేడ మీదికి ఈ కిటుకు పనిచేయలేదు. అక్కడికి కేబులే లాగించాను.